మూడు పడకగదుల ఇంటికి తాజా గాలి: డక్టులు లాగాలా, గదికో యంత్రం గోడకు బిగించాలా?

#1 తలుపుకిటికీ
అందరికీ నమస్కారం. 110 చదరపు మీటర్ల ఇల్లు, మూడు పడకగదులు, నలుగురు మనుషులు. గోడలు, స్లాబ్ అయిపోయాయి. ఫాల్స్ సీలింగ్ పని ఇంకా మొదలవలేదు. పడకగదులన్నింట్లో స్ప్లిట్ ఏసీలు ఉంటాయి కాబట్టి రాత్రంతా తలుపులు, కిటికీలు మూసే ఉంటాయి. బయట రోడ్డు దుమ్ము ఎక్కువ. ఒక కాంట్రాక్టరు సీలింగ్‌లో ఒకే యంత్రం పెట్టి గదులన్నింటికీ డక్టులు లాగుదామంటున్నారు. ఇంకొకరు గదికో యంత్రం గోడకు బిగిస్తే చాలు, డక్టులు దండగ అంటున్నారు. ఇద్దరి కాగితాల్లోనూ "గరిష్ఠ గాలి" అన్న ఒక్క అంకె తప్ప ఇంకేమీ లేదు. దేన్ని పట్టుకుని తేల్చుకోవాలి?

#2 ఘనపుమీటరు
డక్టులా, గోడ యంత్రమా అన్నది రెండో ప్రశ్నండీ. మూసిన తలుపు వెనక నిద్రపోయే మనిషికి గంటకు ఎంత గాలి అందాలన్నది మొదటిది. అది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలతాయి.

మనిషికి గంటకు 25 నుంచి 30 ఘనపు మీటర్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇళ్ళ గాలికి అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే రాసిన 62.2 ప్రమాణం సూత్రంతోనూ సరిచూసుకోవచ్చు. ఇంటి వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని 0.15తో గుణించండి. పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి 3.5తో గుణించండి. రెండూ కూడితే సెకనుకు ఎన్ని లీటర్లో వస్తుంది. మీ ఇంటికి 16.5 + 14 = 30.5 లీటర్లు, అంటే గంటకు 110 ఘనపు మీటర్లు. నలుగురికి 30 చొప్పున వేస్తే 120. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

కానీ ఇంటి మొత్తం లెక్క సరిపోతే పని అయిపోయినట్టు కాదు. హాల్లోకి వచ్చిన గాలి, తలుపు మూసిన పడకగదికి అక్కరకు రాదు. నిద్రలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరు గంటకు సుమారు 12 నుంచి 13 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, ఇద్దరికీ కలిపి 25 లీటర్లు అనుకుందాం. ఆ గదికి గంటకు 60 ఘనపు మీటర్ల బయటి గాలి వస్తే, బయటి 420 పీపీఎం (గాలిలో పది లక్షలకు ఇన్ని వంతులు) మీద ఇంకో 420 చేరి 840 దగ్గర నిలుస్తుంది. 30 మాత్రమే వస్తే 1,250. ఏసీ వేసి అన్నీ మూస్తే సందుల్లోంచి 5 ఘనపు మీటర్లే వస్తాయనుకోండి, 30 ఘనపు మీటర్ల గదిలో ఎనిమిది గంటల తర్వాత 4,000 దాటుతుంది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది. ఎయిర్ ప్యూరిఫైయర్ దుమ్ము పడుతుంది, ఈ వాయువును మాత్రం తగ్గించదు.

అందుకని గదుల వారీగా రాసుకోండి: ఇద్దరు పడుకునే గదికి 60, మిగతా రెండింటికి 30 చొప్పున, హాలుకు 30. మొత్తం 150. ఎవరు ఏ యంత్రం అమ్మజూపినా ఈ నాలుగు అంకెలు ముందు పెట్టి అడగండి.

#3 పాతకాలపుకిటికీ
ఇంత లెక్క ఎందుకండీ, కిటికీ రెండు వేళ్ళు తెరిచి పడుకుంటే చాలదా?

#4 ఘనపుమీటరు
గాలి వీచే రాత్రి చాలుతుంది, ఒక్కోసారి కావలసిన దానికంటే ఎక్కువే వస్తుంది. గాలి స్తంభించిన రాత్రి దాదాపు ఏమీ రాదు. అదీగాక దుమ్ము, మోత, తేమ మూడూ వడపోత లేకుండా లోపలికి వస్తాయి. రోడ్డుకు దూరంగా, బయటి గాలి హాయిగా ఉన్న చోట కిటికీయే మంచి సాధనం. వీరి ఇంటికి కుదరదు.

#5 డక్టుమేస్త్రి
సీలింగ్ ఇంకా వేయలేదంటున్నారు కాబట్టి డక్టుల పద్ధతి ఎలా ఉండాలో చెబుతాను. ఈ పద్ధతిలో యంత్రం కంటే పైపులే ముఖ్యం. గొప్ప యంత్రం పెట్టి, నాసిగా పైపులు లాగితే గదికి చేరేది సగమే.

150 ఘనపు మీటర్లకు యంత్రం నుంచి పంపిణీ పెట్టె దాకా 160 మి.మీ. డక్టు వేయండి. గాలి వేగం సెకనుకు 2 మీటర్ల చిల్లర ఉంటుంది. అదే 125 మి.మీ. అయితే 3.4 మీటర్లకు పోతుంది, మోత మొదలవుతుంది. పంపిణీ పెట్టె నుంచి ప్రతి గదికీ విడిగా 90 మి.మీ. సెమీ రిజిడ్ (కొద్దిగా వంగే ప్లాస్టిక్) పైపు లాగండి. దాని లోపలి వ్యాసం సుమారు 75 మి.మీ. ఉంటుంది కాబట్టి 30 ఘనపు మీటర్లకు వేగం 1.9 మీటర్లు. 60 కావలసిన పెద్ద గదికి రెండు పైపులు. సన్నగా ఉంటుందని 75 మి.మీ. పైపు ఇవ్వజూపుతారు. దాని లోపలి వ్యాసం 63 మాత్రమే, అదే 30కి వేగం 2.7 మీటర్లు అవుతుంది. దగ్గరి గదికి సరే, దూరపు గదికి వద్దు.

గదిగదికీ విడి పైపు ఎందుకంటే, ఒకే డక్టు మీద వరసగా కొమ్మలు తీస్తే ఒక గదిలో మాటలు ఇంకో గదిలో వినిపిస్తాయి, పైగా దగ్గరి గది గాలంతా తినేస్తుంది.

గాలి లాగే వైపు: రెండు బాత్రూముల నుంచి 40 చొప్పున, వంటగది నుంచి 40, బట్టలుతికే చోటు నుంచి 30. ఇదీ 150 కావాలి. వంటగది వాల్వు (పైపు కొసన ఉండే, బిగించి గాలి తగ్గించగల మూతి) పొయ్యికి కనీసం 2 మీటర్ల దూరంలో, నూనె జిడ్డు పట్టే జాలీతో ఉండాలి.

పడకగదిలోకి వచ్చిన గాలి బాత్రూము వైపు పోవడానికి దారి కావాలి. 800 మి.మీ. తలుపు కింద 10 మి.మీ. సందు వదిలితే 40 ఘనపు మీటర్లు సుమారు 3 పాస్కల్ ఒత్తిడితో దాటుతాయి. 60 వచ్చే గదికి 15 నుంచి 20 మి.మీ. వదలండి. తలుపు కింద రబ్బరు పట్టీ బిగించి ఆ సందు మూసేస్తే పద్ధతంతా పాడవుతుంది. ఇది వడ్రంగికి ముందే చెప్పాల్సిన మాట, తర్వాత తలుపు కోయడానికి ఎవరూ ఇష్టపడరు.

చివరగా, అల్యూమినియం ఫాయిల్ ఫ్లెక్సిబుల్ డక్టు. యంత్రం దగ్గర కంపనం ఆపడానికి అర మీటరు వాడితే చాలు. దాన్ని పూర్తిగా సాగదీయకుండా ముడతలతో వదిలేస్తే ఒత్తిడి నష్టం రెట్టింపు దాటిపోతుంది. ఇల్లంతా దానితోనే లాగుతామంటే ఒప్పుకోకండి.

#6 కోర్‌కటింగ్
డక్టులు పెట్టగలిగితే మంచిదే, కాదనను. కానీ "డక్టు లేనిది" అన్న ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళం.

మొదటిది, గోడలో 160 మి.మీ. గొట్టం, లోపల పింగాణి దిమ్మ, ఒకే ఫ్యాన్. సుమారు 70 సెకన్లు గాలి బయటికి తోస్తుంది, అప్పుడు దిమ్మ లోపలి గాలి ఉష్ణోగ్రత పట్టుకుంటుంది. తర్వాత 70 సెకన్లు బయటి గాలి లోపలికి తెస్తుంది. జంటగా పనిచేయాలి: ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగాలి.

రెండోది, గోడకు బిగించే చిన్న ఈఆర్‌వీ, అంటే పోయే గాలికీ వచ్చే గాలికీ మధ్య వేడిని, తేమను మార్చే యంత్రం. రెండు ఫ్యాన్లు, మధ్యలో రెండు గాలులూ కలవకుండా పక్కపక్కన పోయే పలకల దొంతర (ప్లేట్ కోర్), రావడం పోవడం రెండూ ఒకేసారి. గోడకు సుమారు 80 నుంచి 110 మి.మీ. కన్నాలు రెండు.

మూడోది, వడపోసి లోపలికి తోసేది మాత్రమే. బయటికి పోయే గాలి సందుల్లోంచి పోతుంది. కన్నం ఒక్కటే, పని సులువు, మంచి ఫిల్టర్ పడుతుంది, కానీ బయటి వేడి, తేమ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఏసీ ఇంట్లో లోపలి ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉండటం గోడలకు మేలే, బయటి తేమ సందుల్లోంచి రాదు. చలి ప్రాంతంలో మాత్రం లోపలి తేమ గోడలోకి పోయి నీరుగా మారుతుంది, అక్కడ ఇది వద్దు.

నాలుగోది, అదే పనిచేసే నిలువు బీరువా లాంటి యంత్రం. గది పెద్దదైతేనే చోటు దొరుకుతుంది.

సీలింగ్ దించలేని, ఇప్పటికే కాపురం ఉన్న ఇంట్లో, ఒకటి రెండు గదులకే కావాలంటే నా ఓటు రెండో రకానికి.

#7 తలుపుకిటికీ
నాకు చూపించినది మొదటి రకం. కాగితంలో "50 ఘనపు మీటర్లు, 90 శాతానికి పైగా వేడి ఆదా" అని ఉంది. పెద్ద గదికి ఒకటి, చిన్న గదులకు ఒకటి చొప్పున అన్నారు. అలా సరిపోదా?

#8 కోర్‌కటింగ్
సరిపోదండీ. 50 అన్నది ఒక దిశలో, పై వేగంలో. ఒక్క యంత్రం సగం సేపు లోపలికి, సగం సేపు బయటికి కాబట్టి గంటకు లోపలికి తెచ్చేది 25. జంట పెడితే ఎప్పుడూ ఒకటి తెస్తూ, ఒకటి తోస్తూ ఉంటుంది కాబట్టి 50 వస్తుంది. అంటే రెండు యంత్రాలకు కలిపి 50. పై వేగంలో మోత భరించలేక రాత్రి కింది వేగంలో పెడతారు, అప్పుడు చాలా మోడళ్లలో ఆ 50 కాస్తా 15 నుంచి 25 మధ్యకు దిగుతుంది. మీ పెద్ద గదికి 60 కావాలి. లెక్క ఎక్కడా కలవదు.

90 శాతం అన్నది చక్రం మొదట్లో దిమ్మ నిండుగా ఉన్నప్పటి అంకె. సమయం గడిచేకొద్దీ పడిపోతుంది. 70 సెకన్ల సగటు అంతకంటే తక్కువ ఉంటుంది, వేగం పెంచితే ఇంకా తగ్గుతుంది.

మూడు గదులకు మూడు ఒంటరి యంత్రాలు పెడితే, జంటలోని రెండోది మూసిన తలుపు అవతల ఉంటుంది. తలుపు కింద సందు లేకపోతే రెండూ ఊపిరాడక కొట్టుకుంటాయి. రెండింటి మధ్య వైరు లేదా రేడియో సంధానం తప్పి రెండూ ఒకేసారి తోస్తే, లోపలికి వచ్చేది వడపోత లేని సందుల గాలే.

#9 ఫ్యాన్‌కర్వ్
దీనికి గాలివాటం కూడా కలపండి. ఆ గొట్టంలో ఉండేది చిన్న ఏక్సియల్ (టేబుల్ ఫ్యాన్ లాంటి రెక్కల) ఫ్యాన్, అది తట్టుకునే ఒత్తిడి చాలా మోడళ్లలో 10 నుంచి 20 పాస్కల్. సెకనుకు 5 మీటర్ల గాలి గోడను తాకితే సుమారు 15 పాస్కల్, 10 మీటర్ల గాలికి 60. అంటే మామూలు గాలికే తోసే దశలో యంత్రం ఆగిపోయినంత పని, లాగే దశలో ఉరుకులు. ఇల్లు పై అంతస్తులో ఉంటే, గాలి నేరుగా తగిలే గోడ అయితే ఈ రకం అసలు వద్దు. గాలి తాకిడిని అడ్డుకునే హుడ్ (బయటి మూత) కొంత నయం, అంతే.

డక్టు యంత్రానికీ ఇదే జబ్బు వేరే రూపంలో ఉంటుంది. "గరిష్ఠం 250" అంటే ఏ డక్టూ లేకుండా, సున్నా పాస్కల్ దగ్గర. పైపులు, వాల్వులు, సైలెన్సర్లు కలిపి 80 నుంచి 120 పాస్కల్ పడతాయి. కాబట్టి అమ్మేవారిని "100 పాస్కల్ దగ్గర 150 వస్తుందా, అప్పుడు ఫ్యాన్ ఎంత శాతం వేగంలో ఉంటుంది?" అని అడిగి, ఏ ఒత్తిడికి ఎంత గాలి వస్తుందో చూపే ఫ్యాన్ గ్రాఫ్ మీద ఆ బిందువు పెన్నుతో గుర్తు పెట్టించండి. 60 నుంచి 70 శాతం వేగంలో వస్తేనే కొనండి. 100 శాతంలో వస్తే ఫిల్టర్ కాస్త మురికి పట్టగానే గాలి చాలదు. విద్యుత్తు ఘనపు మీటరుకు 0.45 వాట్ అవర్ లోపు ఉంటే మంచి యంత్రం. 150కి అది సుమారు 67 వాట్లు, రోజుకు 1.6 యూనిట్లు.

#10 తడిగాలి
అందరూ వేడి ఆదా అంటున్నారు, తేమ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇళ్ళల్లో ఏసీ మీద పడే అసలు బరువు అదే.

బయట 35 డిగ్రీలు, 60 శాతం తేమ. లోపల 26 డిగ్రీలు, 55 శాతం. కిలో గాలికి బయట 21 గ్రాముల పైచిలుకు నీరు, లోపల సుమారు 11.5. తేడా 10 గ్రాములు. గంటకు 150 ఘనపు మీటర్లు అంటే దాదాపు 170 కిలోల గాలి, అంటే గంటకు 1.7 కిలోల నీరు ఇంట్లోకి వస్తుంది. దాన్ని ఏసీ పిండాలంటే 1.1 కిలోవాట్ల పైన శీతలీకరణ కావాలి. ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చే బరువు 0.43 కిలోవాట్లే.

కాబట్టి వేడిని మాత్రమే మార్చే హెచ్‌ఆర్‌వీ ఇలాంటి వాతావరణంలో చిన్న భాగాన్నే ఆదా చేస్తుంది. తేమను కూడా మార్చే పొర ఉన్న ఈఆర్‌వీ కావాలి. వేడిలో 70 శాతం, తేమలో 55 శాతం అందుకుంటే మొత్తం 1.55 కిలోవాట్ల బరువు 0.65కు దిగుతుంది. పింగాణి దిమ్మ తేమను చాలా కొద్దిగానే పట్టుకుంటుంది, ఇక్కడ అది హెచ్‌ఆర్‌వీ కిందే లెక్క. పొడి చలి ప్రాంతాల్లో కథ వేరు. అక్కడ మంచు పట్టకుండా ప్రీహీటర్ (వచ్చే గాలిని ముందే వేడి చేసేది) గురించి అడగాలి.

#11 పాతకాలపుకిటికీ
ఈఆర్‌వీ పెడితే ఇంట్లో తేమ తగ్గుతుందని కాంట్రాక్టర్లు చెబుతారు. మరి ఏసీ లేని రోజుల్లో కూడా పనిచేస్తుంది కదా?

#12 తడిగాలి
లేదండీ, ఈ ఒక్క అపోహ పోవాలి. ఈఆర్‌వీ తేమను తీసేయదు. లోపలికీ బయటికీ ఉన్న తేడాలో కొంత భాగం దాటకుండా ఆపుతుంది, అంతే. ఏసీ ఆపేస్తే లోపల, బయట ఒకటే అవుతుంది, ఆపడానికి తేడాయే ఉండదు. వానల్లో ఏసీ లేకుండా ఇల్లు పొడిగా ఉండాలంటే డీహ్యూమిడిఫైయర్ వేరే కావాలి.

ఇంకో ముఖ్యమైన మాట. పైన చెప్పిన బయటి గాలి 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. చల్లటి గది సీలింగ్ పైనుంచి వెళ్ళే బయటి గాలి డక్టు లోపలి గోడ 24 డిగ్రీలు ఉంటే లోపల చెమట పడుతుంది, దుమ్ముతో కలిసి బూజు. అందుకని గోడ నుంచి యంత్రం దాకా ఉండే డక్టు వీలైనంత పొట్టిగా, 25 మి.మీ. నైట్రైల్ రబ్బరు తొడుగుతో, అతుకులు జిగురుతో మూసి ఉండాలి. నీరు పట్టినా బయటికే కారేలా గోడ వైపు వాలు ఇవ్వండి. బయటికి పోయే డక్టుకూ అదే తొడుగు.

#13 ధూళికణం
ఫిల్టర్ల విషయంలో ఇద్దరు కాంట్రాక్టర్లూ ఒకే మాట చెబుతారు: "హెపా ఉంది." అది ఎక్కడ ఉంది, దానితో కలిపి గాలి ఎంత అన్నది అడగాలి.

2016లో వచ్చిన ఐఎస్ఓ 16890 ప్రకారం ఫిల్టర్ మీద "ఈపీఎం1 60 శాతం" లాగా రాసి ఉంటుంది, అంటే 1 మైక్రాన్ దాకా ఉన్న కణాల్లో 60 శాతం పడుతుందని అర్థం. పాత పద్ధతిలో ఎఫ్7 అన్నవి సుమారుగా ఈ కోవలోకే వస్తాయి. హెచ్13 హెపా 99.95 శాతం పడుతుంది, కానీ గాలికి అడ్డు చాలా ఎక్కువ. డక్టు యంత్రం ఫ్యాన్ ఎఫ్7 రకాన్ని తేలిగ్గా లాగుతుంది. గోడ గొట్టంలోని ఫ్యాన్‌కు ముతక జాలీ తప్ప ఇంకేదీ పడదు. దానికి నాణ్యమైన ఫిల్టర్ తొడిగితే గాలే రాదు. మీ రోడ్డు దుమ్ముకు అందుకే అది సరిపడదు.

నా సలహా: యంత్రంలో ముందు ముతక జాలీ, తర్వాత ఈపీఎం1 50 శాతం పైన ఉన్న ఫిల్టర్. మిగిలిన కణాలను పడకగదిలో మామూలు ప్యూరిఫైయర్ చూసుకుంటుంది.

తప్పు జరిగేది ఎక్కువగా ఫిల్టర్ చట్రం దగ్గర. చుట్టూ సందు ఉంటే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పోతుంది. మూడు నెలల తర్వాత ఫిల్టర్ తీసి చూడండి. చట్రం అంచుల వెంబడి నల్లటి చారలు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే, ఫోమ్ పట్టీ అతికించాలి. ఇంకొకటి: బయటి గాలి ఫిల్టర్ లోపలి గాలి ఫిల్టర్ కంటే ముందే మూసుకుపోతుంది. అప్పుడు యంత్రం తెచ్చేదానికంటే తోసేది ఎక్కువై, ఇంట్లో ఒత్తిడి తగ్గి, కిటికీ సందుల్లోంచి దుమ్ము గాలి చొరబడుతుంది. ప్రవాహాన్ని స్థిరంగా ఉంచే ఈసీ ఫ్యాన్లు ఉన్న యంత్రంలో ఇది చాలావరకు తగ్గుతుంది.

#14 నిద్రగది
మోత గురించి చిన్న మాట. పడకగదిలో 25 డెసిబెల్ దగ్గర ఉండాలి, 30 దాటితే రాత్రి ఆపేస్తారు. ఆపేసిన యంత్రం ఎంత మంచిదైతే ఏం? గోడ యంత్రం కాగితంలో "3 మీటర్ల దూరంలో" అన్న షరతు ఉందేమో చూడండి. అది ప్రతిధ్వని లేని చోట కొలిచిన అంకె అయితే, చిన్న గదిలో, మంచానికి మీటరున్నర దూరంలో అంతకంటే ఎక్కువే వినిపిస్తుంది. 160 మి.మీ. కన్నం నుంచి రోడ్డు మోత కూడా వస్తుంది. దాన్ని ఆపే ఫోమ్ తొడుగు పెడితే గాలి తగ్గుతుంది.

డక్టు యంత్రానికి పంపిణీ పెట్టె ముందు మీటరు పొడవు సైలెన్సర్, వచ్చే వైపు, లాగే వైపు రెండింటికీ. యంత్రాన్ని రబ్బరు హ్యాంగర్లకు వేలాడదీయాలి, పడకగది పైన కాకుండా బాత్రూము లేదా యుటిలిటీ పైన.

#15 భద్రతముందు
మీ ఇంట్లో బాత్రూములో గ్యాస్ గీజర్ ఉందా? వంటగది చిమ్నీ ఎంత లాగుతుంది? ఈ రెండూ తెలియకుండా ముందుకు పోకండి.

గది గాలినే వాడుకునే గ్యాస్ గీజర్ ఉన్న చోట గాలి లాగితే, పొగ బయటికి పోకుండా వెనక్కి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అలాంటి గీజర్ ఉంటే ముందు దాన్ని మార్చండి, లేదా బయటి గాలి తీసుకుని బయటికే వదిలే సీల్డ్ రకం పెట్టండి. ఇందులో సర్దుబాటు లేదు.

చిమ్నీ గంటకు 800 నుంచి 1,000 ఘనపు మీటర్లు లాగేది అయితే, మీ 150 యంత్రం దాని ముందు ఎంత? చిమ్నీ వేసినప్పుడు వంటగది కిటికీ తెరవాలి, లేకపోతే అది బాత్రూము నుంచి, డక్టుల నుంచి లాక్కుంటుంది. చిమ్నీ గొట్టాన్ని ఈఆర్‌వీకి ఎప్పుడూ కలపకండి. జిడ్డు కోర్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది, నిప్పు ప్రమాదం కూడా.

బయటి గాలి తీసుకునే నోరు, వదిలే నోటికీ, బాత్రూము ఎగ్జాస్ట్‌లకూ, జనరేటర్‌కూ, పార్కింగ్‌కూ 3 మీటర్లు దూరంగా ఉండాలి.

#16 తలుపుకిటికీ
చాలా థాంక్స్ అండీ. గీజర్ ఎలక్ట్రిక్‌దే, చిమ్నీ 1,000ది. ప్లాన్ చూశాను. రెండు పడకగదులకు, హాలుకు పైపులు సులువుగా వెళ్తాయి. మూడో పడకగది ఇంటి చివర ఉంది. మధ్యలో 450 మి.మీ. బీమ్. దాని కింద 90 పైపు పోతే సీలింగ్ మరీ కిందికి వస్తుంది. బీమ్‌కు కన్నం వేస్తామంటున్నారు.

#17 డక్టుమేస్త్రి
వద్దు. పూర్తయిన బీమ్‌కు, కాలమ్‌కు కన్నం వేయకూడదు, స్ట్రక్చరల్ ఇంజనీరు రాసి ఇస్తే తప్ప. రెండు దారులు ఉన్నాయి. బీమ్ కింద దాటే చోట మాత్రం 50 మి.మీ. ఎత్తుండే ఓవల్ పైపు వాడొచ్చు. ఒక్క మీటరే కాబట్టి నష్టం పెద్దగా ఉండదు, గోడ మూలలో చిన్న పెట్టెలా కప్పేయొచ్చు. అదీ కుదరకపోతే ఆ ఒక్క గదికి కోర్‌కటింగ్ గారు చెప్పిన రెండో రకం గోడ ఈఆర్‌వీ పెట్టి, మిగతా ఇంటికి డక్టులు వేయండి. అప్పుడు డక్టు యంత్రం లెక్క 120కి దిగుతుంది. లాగే వాల్వులు కూడా 30 తగ్గించాలి, మర్చిపోకండి.

#18 కోర్‌కటింగ్
గోడ ఈఆర్‌వీకే వెళ్తే ఈ వరస పాటించండి. ముందు గోడలో ఇనుము, వైర్లు, నీటి పైపులు ఉన్నాయేమో డిటెక్టర్‌తో చూడాలి. లోపలి నుంచి చిన్న పైలట్ రంధ్రం వేసి, అది బయట ఎక్కడ తేలిందో చూశాకే డైమండ్ కోర్ (గుండ్రటి కన్నం కోసే బిట్) దింపాలి. బయటి వైపుకు వాలు తప్పనిసరి, 300 మి.మీ. గోడలో 6 నుంచి 9 మి.మీ. చాలు. వాలు లోపలికి పడితే మొదటి వానకే గోడ మీద మరక.

పీవీసీ స్లీవ్ (కన్నంలో దూర్చే గొట్టం) చుట్టూ ఫోమ్ నింపేటప్పుడు లోపల బిగువుగా దిమ్మ లేదా యంత్రం గొట్టం ఉంచండి, లేకపోతే ఫోమ్ ఉబ్బి స్లీవ్‌ను నొక్కేస్తుంది. బయట హుడ్ అంచు చుట్టూ పైన, పక్కల సీలెంట్ వేసి, కింద వదిలేయండి, చేరిన నీరు కారిపోవాలి. పక్షులు రాకుండా 5, 6 మి.మీ. కన్నాల జాలీ సరిపోతుంది. దోమతెర పెడితే నెలకోసారి తుడవాలి, నూగు పట్టి మూసుకుపోతుంది.

మీ గోడ 230 మి.మీ. అయితే స్లీవ్ పొడవు సరిపోతుందా అని ముందే చూసుకోండి. పింగాణి గొట్టాలకు చాలా వాటికి 250 నుంచి 300 కావాలి, బయటికి పొడుచుకు వస్తాయి.

#19 ఫ్యాన్‌కర్వ్
పని అయ్యాక కొలత లేకుండా ఎవరినీ పంపకండి. కొత్త ఫిల్టర్లు, తలుపులు, కిటికీలు మూసి, చిమ్నీ ఆపి మొదలుపెట్టాలి. వాల్వులన్నీ పూర్తిగా తెరిచి, అన్నిటికంటే తక్కువ వస్తున్న వాల్వుకు, సాధారణంగా దూరపుదానికి, దాని అంకె వచ్చేదాకా యంత్రం వేగం పెంచాలి. తర్వాత దగ్గరి వాల్వులు ఒక్కొక్కటే బిగిస్తూ రావాలి. ఒకటి బిగిస్తే మిగతావి మారతాయి, అందుకే రెండు మూడు చుట్లు తిరగాలి. గరాటు తొడిగిన ఎనిమోమీటర్‌తో (గాలి వేగం కొలిచే పరికరం) కొలవాలి. టిష్యూ కాగితం అంటుకుందని చూపించడం కొలత కాదు. వచ్చే మొత్తం, పోయే మొత్తం 10 శాతం తేడాలో ఉండాలి. లాక్ నట్ బిగించి, అంకెలు యంత్రం తలుపు లోపల అతికించండి. ఏ వాల్వు అయినా మరీ మూసేయాల్సి వచ్చి బుస్సుమంటే యంత్రం వేగం ఎక్కువ ఉందని అర్థం.

#20 ఘనపుమీటరు
మీ అంతట మీరే సరిచూసే ఒక దారి ఉంది. ఎన్‌డీఐఆర్ (పరారుణ కిరణాలతో కొలిచే) సెన్సార్ ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ రాత్రంతా పెద్ద గదిలో, ఊపిరి నేరుగా తగలని చోట పెట్టండి. తెల్లవారుజామున నిలకడగా ఉన్న అంకె లోంచి 420 తీసేయండి. 25 లీటర్లను ఆ తేడాతో భాగిస్తే అందుతున్న గాలి తెలుస్తుంది. ఉదాహరణకు 1,300 చూపిస్తే తేడా 880 పీపీఎం, అంటే 0.00088. భాగిస్తే 28,400 లీటర్లు, గంటకు 28 ఘనపు మీటర్లు. 60 అని చెప్పి 28 ఇస్తున్నారన్నమాట. మనుషుల బరువు, వయసును బట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ సగానికి సగం తేడాను మాత్రం దాచదు.

#21 ధూళికణం
నిర్వహణ: ఫిల్టర్ మొదటి నెలలోనే చూడండి, ఇంటి పని దుమ్ము అప్పుడే పడుతుంది. తర్వాత మూడు నెలలకోసారి. ఈఆర్‌వీ పొరను నీటితో కడగొచ్చా లేదా అన్నది దాని పుస్తకంలోనే చూడాలి. చాలా పొరలు నీళ్ళు తగిలితే పాడవుతాయి, మెత్తటి బ్రష్‌తో వాక్యూమ్ చేయడమే. పింగాణి దిమ్మను కడగొచ్చు, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. నీటి డ్రెయిన్ ఉన్న యంత్రమైతే ట్రాప్‌లో (నీళ్ళు నిలిచే వంపు గొట్టం) నీళ్ళు ఎండిపోకుండా చూసుకోండి, ఎండితే అక్కడి నుంచి దుర్వాసన లాక్కుంటుంది.

#22 తలుపుకిటికీ
ఓవల్ పైపుతో బీమ్ దాటించి, మొత్తం 150 డక్టు పద్ధతికే వెళ్తున్నాను. 100 పాస్కల్ దగ్గర 150, ఎఫ్7 రకం ఫిల్టర్‌తో కలిపి, 70 శాతం వేగం లోపు, గదుల వారీగా కొలిచిన పట్టిక: ఈ నాలుగూ ఒప్పందంలో రాయించాను. ఇంకేమైనా మర్చిపోయానా?

#23 డక్టుమేస్త్రి
మూడే. యంత్రం కింద తెరిచే తలుపు, ఫిల్టర్ ఒక్కటే కాదు, కోర్ మొత్తం బయటికి లాగేంత పెద్దది పెట్టించండి. సీలింగ్ వాళ్ళు చిన్నది చేసేస్తే కోర్ శుభ్రం చేయాలన్న ప్రతిసారీ సీలింగ్ కోయాలి. రెండోది, పైపు లాగిన రోజు నుంచి ప్రతి కొసకూ మూత బిగించి ఉంచండి, జిప్సం దుమ్ము ఒకసారి లోపలికి పోతే బయటికి రాదు. మూడోది, సీలింగ్ మూసే ముందు రోజు ప్రతి పైపు పక్కన టేపు పెట్టి, గోడ నుంచి ఎంత దూరంలో ఉందో కనపడేలా ఫోటోలు తీసుకోండి. లైట్లు బిగించేవాళ్ళు డ్రిల్ వేసే ముందు వాటినే చూపించాలి.